బ్రేకు చెప్పకుండా పోదు

చాలా కాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. మొన్న మా వీధి మలుపులో ఒక కుర్రవాడి కారు కీచుమంటూ ఆగింది. పలకరించి, "ప్యాడ్లు అరిగిపోయినట్టున్నాయి, ఒకసారి చూపించు నాయనా" అన్నాను. "ఆగుతోంది కదండీ, ఆగనప్పుడు చూద్దాం లెండి" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళ క్రితం సరిగ్గా ఈ మాటే మా మావయ్య నోట విన్నాను. ఆ మాట ఖరీదు ఎంతో తెలిసిన రోజు కూడా నాకు బాగా గుర్తు.

మా మేనమామకు విజయవాడలో అంబాసిడర్ టాక్సీ ఉండేది. 1985 వేసవిలో పిల్లాపాపలతో కలిపి ఏడుగురం ఆ బండిలోనే తిరుపతి ప్రయాణమయ్యాం. అంతకు నెల రోజుల ముందు నుంచీ బ్రేకు వేసినప్పుడల్లా బండి కొద్దిగా ఎడమవైపుకు లాగుతోంది. అత్తయ్య అడిగింది కూడా. "ఆగుతోంది కదే, వచ్చాక చూపిద్దాం" అన్నాడు మావయ్య.

దర్శనం చేసుకుని పాత ఘాట్ రోడ్డున దిగుతున్నాం. ఆ రోడ్డు 1944లో వచ్చినది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక పాతది దిగడానికీ, కొత్తది ఎక్కడానికీ అయింది. పెట్రోలు కలిసొస్తుందని పల్లంలో గేరు తీసేసి న్యూట్రల్‌లో దిగడం ఆనాటి టాక్సీవాళ్ళలో చాలామందికి అలవాటు. మావయ్యా అదే చేశాడు. సగం దారి దిగేసరికి బండిలో కమురు వాసన మొదలైంది. ఇంకో రెండు మలుపులు తిరిగాక మావయ్య ముఖం మారిపోయింది. పెడలు కాలికి గట్టిగానే తగులుతోంది, బండి మాత్రం ఆగడం లేదు. మూడో గేరు, రెండో గేరు, హ్యాండ్ బ్రేకు ఒకదాని తర్వాత ఒకటి వేసి, చివరికి కొండవైపు గట్టుకు బండిని రాయించి ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. చక్రాల నుంచి పొగ వస్తోంది. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. గంటసేపు ఆగాక బ్రేకు మళ్ళీ పట్టింది.

విజయవాడ చేరగానే మావయ్య బండిని ఆటోనగర్‌లో తనకు తెలిసిన మేస్త్రీ షెడ్డుకు తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. మేస్త్రీ వెంటనే చక్రం విప్పలేదు. ఆయుర్వేద వైద్యుడు నాడి పట్టుకునే ముందు అడిగినట్టు వరసగా ప్రశ్నలు వేశాడు. పెడలు గట్టిగా ఉండి పట్టలేదా, మెత్తగా దిగబడిందా? వాసన వచ్చిందా? చల్లారాక దానంతటదే బాగైందా? అంతకుముందు ఎటైనా లాగుతూ వచ్చిందా? అన్నీ విని, "ఎడమకు లాగిందంటే రోగం ఎడమ చక్రంలో లేదు బాబుగారూ, కుడి చక్రంలో ఉంది" అన్నాడు. విప్పి చూస్తే అంతే. కుడివైపు ముందు చక్రంలో వీల్ సిలిండర్ కారి, లైనర్లు తడిసి జారుతున్నాయి. ఆ చక్రం చేయవలసిన పని మిగిలిన మూడూ మోసి మోసి మాడిపోయాయి.

అప్పుడు మేస్త్రీ అన్న మాట ఇది: "బ్రేకు చెప్పకుండా పోదండీ. చెప్తూనే ఉంటుంది. మనమే వినం."

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు మోటారు వాహనాల చరిత్ర చదవడం మొదలుపెట్టినప్పుడు నాకొక సంగతి తట్టింది. మేస్త్రీ అడిగిన ఒక్కొక్క ప్రశ్న వెనుకా ఒక్కొక్క తరం పడిన అవస్థ ఉంది. నేటి కారులో కనిపించే ప్రతి బ్రేకు జబ్బునూ ఎవరో ఒకరు ఏదో ఒక కొండ దిగుతూ మొదటిసారి చవిచూశారు. ఆ వరసలోనే ఈ కథ చెప్పాలని నా ప్రయత్నం.

* * *

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే జర్మన్ ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్‌కు చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లున్న ఫోర్జ్‌హైమ్‌కు బయల్దేరింది. దాదాపు 106 కిలోమీటర్లు. మోటారు బండిలో ఎవరైనా చేసిన తొలి దూరప్రయాణంగా దాన్ని చెబుతారు. ఎక్కుడు దారుల్లో బండిని తోయవలసి వచ్చింది. దిగుడు దారుల్లో ఇంకో చిక్కు వచ్చింది: కొయ్య బ్రేకు దిమ్మెలు అరిగిపోయి పట్టు తప్పసాగాయి. ఆమె దారిలో ఒక చెప్పులు కుట్టేవాని దగ్గర ఆగి, ఆ దిమ్మెలకు తోలు కొట్టించుకుంది. బ్రేకుకు లైనింగు వేయాలన్న ఆలోచన అలా ఒక ప్రయాణికురాలి అవసరంలోంచి పుట్టింది. కారు చరిత్రలో మొట్టమొదటి బ్రేకు రోగనిర్ధారణ కూడా అదేననిపిస్తుంది నాకు. ఆమె ఆగకపోయేదాకా ఆగలేదు. పట్టు తగ్గుతోందని గమనించగానే ఆగింది.

ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల్లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1890ల చివర్లో ఇలాంటి దృశ్యమే చూశాడు. సరుకు బళ్ళవాళ్ళు పల్లం దిగేటప్పుడు బ్రేకు దిమ్మెకు పాత బూటు తోలు తగిలిస్తున్నారు. దానికన్నా మెరుగైనది చేయవచ్చునని ఆయన నేసిన పత్తి పట్టీలతో లైనింగులు తయారుచేయడం మొదలుపెట్టాడు. తన ఇంటిపేరులోని అక్షరాలను అటూ ఇటూ చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి ఫెరోడో అని వ్యాపారనామం పెట్టుకున్నాడు. పత్తితో వచ్చిన చిక్కు ఒక్కటే: వేడెక్కితే మాడుతుంది. మంటకు మాడని పోగు కోసం వెతికి, 1908 ప్రాంతంలో ఆయన ఆస్బెస్టాస్‌ను పట్టుకున్నాడు. అది గొప్ప విజయం. దాని మరో ముఖం గురించి చివర్లో చెబుతాను.

ఆలోగా చక్రాలకు గాలి టైర్లు వచ్చాయి. టైరు మీద దిమ్మె రాపాడించి ఆపే పాత పద్ధతి రబ్బరు టైరుకు పనికిరాదు. అందుకని చక్రానికి ఒక డ్రమ్ము బిగించి, దాని చుట్టూ పట్టీ చుట్టి, ఆ పట్టీని బిగించి ఆపేవారు. ఆ పట్టీ బయట ఉండటం వల్ల వాన నీరూ బురదా దానికే అంటేవి. పైగా అది ఒకవైపు తిరిగేటప్పుడు తనంతట తాను బిగుసుకునేది, రెండోవైపు తిరిగేటప్పుడు వదులైపోయేది. ఎక్కుడులో ఆగిన బండి వెనక్కు జారితే బ్రేకు నిలపలేదన్నమాట. అందుకని కొన్ని బళ్ళకు వెనుక ఒక ఇనుప ఊతకోల వేలాడదీసేవారు. బండి వెనక్కు జారితే అది నేలలో గుచ్చుకుని ఆపాలి.

1902లో ఫ్రాన్సులో లూయీ రెనో బ్రేకును డ్రమ్ము లోపలికి చేర్చాడు. రెండు షూలు లోపలి నుంచి విచ్చుకుని డ్రమ్మును ఒత్తుతాయి. మా మావయ్య అంబాసిడర్‌లో ఉన్నదీ మూలంలో అదే. చిత్రమేమిటంటే, అదే 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. ఆయన రాగి పలకలను డిస్కుకు ఒత్తించాడు. లోహం మీద లోహం రాపిడికి భరించలేనంత కీచుమనే శబ్దం! ఆలోచన సరైనదే అయినా, దానికి తగిన పదార్థం అప్పటికి లేదు. డిస్కు బ్రేకు మరో యాభై ఏళ్ళు ఎదురుచూడవలసి వచ్చింది.

* * *

ఇప్పుడు మేస్త్రీ ప్రశ్నల్లో ఒకదానికి వద్దాం: ఎటైనా లాగుతోందా?

మొదటి ఇరవై ఏళ్ళకు పైగా చాలా కార్లకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉండేవి. ముందు చక్రాలకు బ్రేకు వేస్తే బండి తలకిందులవుతుందనీ, అదుపు తప్పుతుందనీ భయం. నిజానికి బ్రేకు పడగానే బరువు ముందుకు తూగుతుంది కాబట్టి ఆపే శక్తి ఎక్కువగా ముందు చక్రాలకే ఉంటుంది. 1920లలో నాలుగు చక్రాల బ్రేకులు వ్యాపించినప్పుడు, ఆ కార్లు ఎంత తొందరగా ఆగేవంటే, వెనుక వచ్చేవాళ్ళను హెచ్చరించడానికి కొన్నిటి వెనుకభాగాన ఎర్రని త్రికోణం పెట్టేవారు.

నాలుగు చక్రాలకు బ్రేకు పెట్టడం ఒక ఎత్తు, నాలుగూ సమానంగా పట్టేలా చేయడం ఒక ఎత్తు. పెడలు నుంచి చక్రానికి ఇనుప కడ్డీలు, తీగలు ఉండేవి. ఒక కడ్డీ కాస్త సాగినా, ఒక కీలు తుప్పు పట్టినా ఒక చక్రం ముందుగా పట్టేది, ఇంకొకటి ఆలస్యంగా పట్టేది. బండి పక్కకు లాగేది. ఆ రోజుల్లో కారున్నవాడు కడ్డీలు సరిచూసుకోవడంలోనే సగం జీవితం గడిపి ఉంటాడు.

దీనికి విరుగుడు పదిహేడో శతాబ్దపు పాస్కల్ సూత్రంలో దొరికింది. మూసిన గొట్టంలోని ద్రవాన్ని ఒకచోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. దాన్ని బ్రేకుకు అన్వయించినవాడు మాల్కమ్ లాక్‌హీడ్. ఆయన సోదరుడు అలన్ లాక్‌హీడ్ పేరు విమానాల ద్వారా లోకానికి తెలుసు. 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో అమ్మకానికి వచ్చిన తొలి కారు. 1924లో క్రైస్లర్ దాన్ని మరింతమందికి అందుబాటులోకి తెచ్చాడు. లాక్‌హీడ్ మొదట వాడిన తోలు వాషర్లు కారిపోతుంటే వాటి స్థానంలో రబ్బరు కప్పులు వచ్చాయి. హెన్రీ ఫోర్డ్ మాత్రం గొట్టంలోని ద్రవాన్ని చాలాకాలం నమ్మలేదు. పెడలు నుంచి చక్రం దాకా ఉక్కు కడ్డీ ఉంటేనే భద్రమని పట్టుబట్టి, 1939 మోడళ్ళకు గానీ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టలేదు.

ద్రవం వచ్చాక కూడా బండి లాగడం పూర్తిగా పోలేదు, కారణాలు మారాయంతే. పాత డ్రమ్ముల్లో సిలిండర్ కారి లైనరు తడవడం ఒక కారణం. ఈనాటి డిస్కు కార్లలో అయితే క్యాలిపర్ పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోవడం, లోపల పొరలు ఊడిన రబ్బరు హోసు దారి మూసేయడం. ఏదైనా సూత్రం మేస్త్రీ చెప్పినదే. బండి ఎటు లాగితే అటు బ్రేకు పనిచేస్తోంది, చాలాసార్లు లోపం రెండోవైపు ఉంటుంది. దీనికొక మినహాయింపు ఉంది. బ్రేకు వేయకపోయినా బండి ఒకవైపు లాగుతూ, కాస్త దూరం నడిపాక ఆ వైపు చక్రం చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే, అక్కడ బ్రేకు వదలకుండా పట్టుకునే ఉందని అర్థం.

* * *

రెండో ప్రశ్న: పెడలు గట్టిగా ఉందా, మెత్తగా దిగబడుతోందా?

ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో గాలి బుడగ చేరితే కాలు ఒత్తిన ఒత్తిడంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది. పెడలు దూదిలా మెత్తగా ఉంటుంది. రెండు మూడుసార్లు గబగబా కొడితే పట్టుకుంటుంది. షెడ్డుల్లో "ఎయిర్ పట్టింది" అంటారు దీన్నే. గాలి తీసేయడంతో పని అయిపోయిందనుకోకూడదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. అలా కాక, కాలు స్థిరంగా నొక్కి ఉంచినా పెడలు నెమ్మదిగా నేలకు దిగిపోతుంటే, ఎక్కడో కారుతోంది. బయట తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్లు పోయాయన్నమాట.

తొలినాటి బ్రేకు ద్రవాల్లో ఆముదమూ ఆల్కహాలూ కలిపినవి ఉండేవని చదివినప్పుడు నాకు ఆశ్చర్యమూ, కాస్త ఆప్యాయతా కలిగాయి. మన మెట్ట పొలాల్లో పండే ఆముదాలు! ఆముదం సహజ రబ్బరును పాడుచేయదు, అదీ దాని గొప్ప. తర్వాత గ్లైకాల్ జాతి ద్రవాలు వచ్చాయి. అయినా మనవాళ్ళ నోట అది ఇప్పటికీ "బ్రేక్ ఆయిల్"గానే నిలిచిపోయింది. ఈ పేరును నమ్మి అందులో ఇంజను ఆయిల్ పోసినవాళ్ళున్నారు. ఖనిజతైలం తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, అన్ని వాషర్లూ మార్చుకోవాలి.

గ్లైకాల్ ద్రవానికి ఒక బలహీనత ఉంది: గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. అందులో నాలుగు శాతానికి కాస్త తక్కువగా నీరు చేరితే చాలు, ఆ ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 రకానికి అవే అంకెలు 230, 155. ఊళ్ళో తిరిగేటప్పుడు తేడా తెలియదు. ఘాట్ దిగేటప్పుడు ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అప్పటిదాకా బాగున్న పెడలు ఒక్కసారిగా నేలకు ఆనుతుంది. అందుకే రెండేళ్ళకోసారైనా ఆ ద్రవం మార్చమంటారు.

మావయ్య బండికి జరిగినది ఇది కాదు. ఆయన పెడలు గట్టిగానే ఉంది. అది లైనర్లు వేడికి పట్టు కోల్పోవడం. ఒక లెక్క చూడండి. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. మనుషులూ సామానుతో కలిపి 1,600 కిలోల బండి అంత ఎత్తు న్యూట్రల్‌లో దిగితే, బ్రేకులు మింగవలసిన శక్తి ఇంచుమించు 30 లీటర్ల నీళ్ళను మరిగే దాకా కాచేంత. అదంతా నాలుగు డ్రమ్ముల లోపల, గాలాడని చోట. లైనర్లోని జిగురు పదార్థం మాడి వాయువు వదులుతుంది, ఆ వాయువే లైనరుకూ డ్రమ్ముకూ మధ్య పొరలా నిలుస్తుంది. కమురు వాసన దానిదే. డ్రమ్ము కూడా వేడికి వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. ఇంజనును గేరులో ఉంచి దిగితే ఆ భారంలో మంచి భాగం ఇంజనే మోస్తుంది. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాటలో ఉన్న భౌతికశాస్త్రం అంతా ఇదే.

ఈ జబ్బుకు మందుగానే డిస్కు తిరిగి వచ్చింది. డిస్కు బయటి గాలికి తెరిచి ఉంటుంది, వ్యాకోచిస్తే ప్యాడ్ల వైపుకే వస్తుంది. 1953లో ఫ్రాన్సులోని లమాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ కారును టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపి గెలిచారు. తక్కినవాళ్ళు బ్రేకులు దాచుకుంటూ నడుపుతుంటే వీళ్ళు మలుపు దగ్గరిదాకా వేగం తగ్గించకుండా వెళ్ళగలిగారు. 1955లో సిట్రోయెన్ డి.ఎస్. ముందు చక్రాలకు డిస్కులతో మామూలు కొనుగోలుదారుల చేతికి వచ్చింది. లాంచెస్టర్ కల నెరవేరడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది.

* * *

మిగిలిన ప్రశ్నలు క్లుప్తంగా చెప్పుకుందాం.

కీచుమనే శబ్దం లాంచెస్టర్ కాలంలో లోపం. ఇప్పుడు దాన్నే సేవకు పెట్టుకున్నారు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న లోహపు నాలుక ఉంటుంది, ప్యాడు అరిగి పలచబడగానే అది డిస్కుకు తగిలి అరుస్తుంది. మా వీధి కుర్రవాడి కారు చెబుతున్నది అదే. ఆ అరుపును పట్టించుకోకపోతే కొన్నాళ్ళకు అది గరగరగా మారుతుంది. అంటే ప్యాడు పూర్తిగా పోయి ఇనుము డిస్కును కోస్తోందన్నమాట. అప్పుడు ప్యాడ్లతో తీరదు, డిస్కులూ కొనాలి. వాన మర్నాడు పొద్దున్న ఒకటి రెండుసార్లు గరగరమని ఆగిపోయేది మాత్రం వట్టి తుప్పు, భయం లేదు.

బ్రేకు వేస్తే స్టీరింగు అదిరితే డిస్కు వంగిందంటారు. చాలాసార్లు అది వంగదు. అక్కడక్కడ మందం మారుతుంది, లేదా ప్యాడు పదార్థం మచ్చలుగా అంటుకుంటుంది.

పెడలు రాయిలా బిగిసిపోయి, ఎంత తొక్కినా బండి నిదానంగా ఆగుతుంటే బూస్టరును అనుమానించాలి. ఇంజను పీల్పుతో పనిచేసే ఈ సహాయక యంత్రాన్ని 1920లలో బెల్జియంకు చెందిన ఆల్బర్ట్ దెవాంద్ర్ రూపొందించాడు. ఇంజను ఆపి పెడలు నాలుగైదు సార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి ఇంజను స్టార్టు చేస్తే పెడలు కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బూస్టరో, దాని గొట్టమో పాడైంది. బూస్టరు లేని పాత బళ్ళలో ఇంజను ఆపేసి పల్లం దిగడం అలవాటు చేసుకున్నవాళ్ళు, బూస్టరున్న కారులో అదే పని చేస్తే రెండు మూడు తొక్కుళ్ళకు ఆ సాయం అయిపోతుంది. పాత అలవాటు కొత్త బండిలో ప్రాణాంతకమవుతుంది.

పాత హైడ్రాలిక్ బ్రేకుల్లో ఎక్కడ ఒక్క గొట్టం తెగినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోయేది. దాన్ని రెండు విడి భాగాలుగా చేయడం అమెరికాలో 1968 నుంచి తప్పనిసరి అయింది. ఇవాళ్టి కారులో బ్రేకు "పూర్తిగా" పోవడం అరుదు, సగం పోతుంది. ఆ సగం పోవడమే హెచ్చరిక.

ఇక ఎ.బి.ఎస్. 1978లో బాష్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రానిక్ పద్ధతి మెర్సిడెస్ ఎస్-క్లాస్ కార్లలో వచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు తప్పనిసరి. అత్యవసరంగా తొక్కినప్పుడు పెడలు కాలి కింద టకటకమని కొట్టుకుంటుంది. అది లోపమనుకుని చాలామంది కాలు తీసేస్తారు. తీయకూడదు. ఆ యంత్రం తన పని చేస్తున్నానని చెప్పే మాట అది. అన్ని శబ్దాలూ రోగం కావు. వినడమంటే ఏది రోగమో ఏది కాదో తెలుసుకోవడం కూడా.

* * *

చివర్లో చెబుతానన్న సంగతి మిగిలింది.

ఆ రోజు మేస్త్రీ డ్రమ్ము ఊడదీయగానే బూడిదరంగు పొడి గుప్పెడు రాలింది. డ్రమ్మును నేలకేసి కొట్టాడు. ఎయిర్ గొట్టం పట్టుకుని షూలను ఊదాడు. షెడ్డంతా పొగలా కమ్ముకుంది. భుజం మీది తుండుగుడ్డతో ముక్కు తుడుచుకుని పని చేసుకుపోయాడు. కొత్త లైనర్లు రివెట్లు కొట్టి, అంచులు రాతిమీద అరగదీస్తుంటే ఇంకాస్త పొడి లేచింది. పక్కనే కూర్చుని నేనూ చూస్తున్నాను. ఆ రోజుల్లో లైనర్లంటే ఆస్బెస్టాసే.

1924లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో నెల్లీ కెర్షా అనే ఆస్బెస్టాస్ మిల్లు కార్మికురాలు చనిపోయింది. ఆమె ఊపిరితిత్తుల్లో ఆ ఖనిజపు నలుసులు కనిపించాయని డాక్టర్ విలియం కుక్ అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు. 1931లో బ్రిటన్ మిల్లుల్లో దుమ్ము నియంత్రణకు నిబంధనలు తెచ్చింది. అంటే నేను షెడ్డులో కూర్చున్న నాటికి ఆ విషయం తెలిసి అరవై ఏళ్ళయింది. బ్రిటన్ పూర్తి నిషేధం 1999లో వచ్చింది, ఐరోపా సమాఖ్యది 2005లో, అమెరికా తన దేశంలో అప్పటికి వాడుకలో మిగిలిన రకాన్ని నిషేధించినది 2024లో.

మేస్త్రీకి 1990లలో దగ్గు పట్టుకుంది. ఆయాసం. టి.బి. అన్నారు, మందులు వాడారు, తగ్గలేదు. నాలుగు మెట్లు ఎక్కలేకపోయేవాడు. యాభై అయిదు దాటకుండానే పోయాడు. ఆయన బీడీలు కూడా తాగేవాడు. పైగా బ్రేకు వేడికి ఆస్బెస్టాస్‌లో చాలా భాగం మరో ఖనిజంగా మారిపోతుందనీ, మెకానిక్కుల ముప్పు మిల్లు కార్మికుల ముప్పు అంత కాదనీ వాదించేవారున్నారు. కొత్త లైనరును అరగదీసినప్పుడు లేచే పొడికి ఆ వాదన వర్తించదు. ఏమైనా ఆయన జబ్బు ఫలానా అని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేదు కాబట్టే చెప్పలేను. నన్ను బాధించేది అదే. కారు రోగం కనిపెట్టడానికి ఆయన అడిగినన్ని ప్రశ్నలు ఆయన రోగం గురించి ఎవరూ అడగలేదు. మీరేం పని చేస్తారు, ఏ పొడి పీలుస్తారు అని ఒక్కరైనా అడిగి ఉంటే ఏమయ్యేదో!

మావయ్య ఆ తర్వాత ఇరవై ఏళ్ళు టాక్సీ నడిపాడు. మళ్ళీ ఎన్నడూ న్యూట్రల్‌లో పల్లం దిగలేదు. బండి ఏ చిన్న శబ్దం చేసినా "మేస్త్రీ ఉంటే చెప్పేవాడు" అనుకుంటూ ఒకసారి ఆపి చూసుకునేవాడు.

మీ దగ్గరి షెడ్డులో ఇప్పటికీ ఎవరైనా కుర్రవాడు బ్రేకు పొడిని గాలితో ఊదుతుంటే, తడిగుడ్డతో తుడవమని, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోమని ఒక మాట చెప్పండి. ఆస్బెస్టాస్ లేని లైనర్ల పొడి అయినా ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇక మా వీధి కుర్రవాడు రేపు పొద్దున్న మళ్ళీ ఆ మలుపు దగ్గరకు వస్తాడు. ఈసారి నవ్వుతూ వెళ్ళిపోనివ్వను, నేనే వెంట కూర్చుని షెడ్డుకు తీసుకెళ్తాను.